ఓపికున్న ఇల్లు కావాలి

అనంతపురం చుట్టుపక్కల కాస్త ఓపికున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ పోస్ట్ మీకోసమే.

హైవే పక్కన దొరికిన ఆడకుక్క. మన ఊరి జాతే, గోధుమ రంగు. రేబిస్ టీకా వేయించాం, పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ అయింది. ఎవర్నీ కరవలేదు. భయం, అంతే. మనం చూస్తుంటే గిన్నె ముట్టదు. అటు తిరిగి కూర్చుంటే మంచం కిందినుంచి మెల్లగా వచ్చి, సంగటి ముద్ద నోట కరుచుకుని మళ్లీ లోపలికే పోతుంది.

కుక్కల్ని దత్తతకిచ్చేవాళ్లు ఒక లెక్క చెబుతారు: బెదురు తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతి అలవాటవడానికి 3 వారాలు, ఇది నా ఇల్లే అనుకోవడానికి 3 నెలలు. పిరికిదానికి ఇంకా ఎక్కువే పట్టొచ్చు. శెనక్కాయ విత్తనాలు సిద్ధం చేసుకుని వాన కోసం చూసే ఊళ్లు మనవి. ఆ ఓపికలో పదోవంతు చాలు.

పుట్టపర్తిలో కరుణా సొసైటీ లాంటివాళ్లు 2000 నుంచి మూగజీవాలకు ఆశ్రయమిస్తున్నారు. కానీ ఎంత మంచి షెల్టరైనా గుంపులో పిరికి కుక్క వెనకే ఉండిపోతుంది. దీనికి ఒక ఇల్లే కావాలి.

గేటు వేసుండే ఇల్లయితే మంచిది. మొదట్లో మీదికి వంగి తల నిమరొద్దు, కళ్లలోకి చూడొద్దు. పక్కకు తిరిగి నేలమీద కూర్చోండి. రోజూ ఒకే వేళకు ఒకే మనిషి అన్నం పెట్టండి. దీపావళి రాత్రి లోపలి గదిలో ఉంచండి.

ఇష్టమున్నవాళ్లు మెసేజ్ పెట్టండి. ముందు వచ్చి చూడండి, నాలుగుసార్లు వచ్చినా సంతోషమే. ఇంట్లో అందరూ సరేనన్నాకే తీసుకెళ్లండి.