జూల్‌ది త్యాగమేనా?

ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫో 1962లో వెలువరించిన ‘జూల్ ఎ జిమ్’ చిత్రాన్ని ఈమధ్య రెండవమారు చూశాను. జాన్ మొరో నటించిన కాత్రీన్ మన అలంకారికులు చెప్పిన అష్టవిధ నాయికలలో ఏ ఒక్కరిలోనూ ఇమడదు. స్వాధీనపతిక అనుకునేలోగా కలహాంతరిత, మరుక్షణమే అభిసారిక! అయితే ఈమారు నన్ను వెంటాడినవాడు జూల్.

మొదటి ప్రపంచయుద్ధానికి ముందు పారిస్‌లో ఆస్ట్రియా దేశీయుడు జూల్, ఫ్రెంచివాడు జిమ్ ప్రాణమిత్రులు. ఒక శిలాప్రతిమ చిరునవ్వుకు ఇద్దరూ ముగ్ధులవుతారు. అదే నవ్వు కాత్రీన్ పెదవులపై కనబడుతుంది. ఆమెను జూల్ పెండ్లాడతాడు. యుద్ధంలో మిత్రులిద్దరూ శత్రుసేనలలో ఉంటారు. తన తూటాకు స్నేహితుడు బలి అవుతాడేమోనని ఇద్దరికీ బెంగ. యుద్ధానంతరం ఆమె మనసు జిమ్ వైపు మళ్ళుతుంది. జూల్ అడ్డు చెప్పడు సరికదా, ఆమెను చేసుకొమ్మని తానే మిత్రుణ్ణి కోరతాడు. ఆమె కనుచూపు మేరలో ఉంటే చాలునట.

ఇది త్యాగమన్నాను నేను. మా ఆవిడ ఒప్పుకోలేదు. “త్యాగం చేసినవాడు వదిలేస్తాడండీ. ఈయన పట్టుకునే ఉన్నాడుగా!” అంది.

ఆ మాటతో ముగింపు కొత్తగా తోచింది. జూల్ చూస్తుండగానే కాత్రీన్ జిమ్‌ను కారులో ఎక్కించుకొని, విరిగిన వంతెన మీదినుండి నదిలోకి నడిపిస్తుంది. దహనానంతరం ఒంటరిగా నడిచిపోయే జూల్‌లో దుఃఖంతో పాటు ఊరట కూడా ఉంది. తొలినాటినుండి వెన్నాడిన భయం ఇక లేదు. కరుణరసం పండవలసిన చోట ఈ ఊరట మనసును కలచివేస్తుంది. త్యాగం చేసినవాడు ఏనాడో పొందవలసిన శాంతి అది!

మూలనవల రచయిత ఆంరీ పియేర్ రొషే. స్వానుభవమే ఆధారంగా వ్రాసిన ఈ తొలినవల 1953లో వెలువడేనాటికి ఆయనకు 74 ఏళ్ళు. జిమ్ ఆయన ప్రతిరూపమే. జూల్‌కు మూలమైన ఫ్రాంజ్ హెసెల్ 1941లో మరణించాడు, రొషే 1959లో. కాత్రీన్‌కు మూలమైన హెలెన్ హెసెల్ మాత్రం 1982 వరకు జీవించింది. అంటే, జూల్‌కు దొరికిన ఆ ఊరట కథలోనిదే. జీవితం దాన్ని ఫ్రాంజ్‌కు అలా ఇవ్వలేదు.

పట్టు విడువని ప్రేమను త్యాగమనవచ్చునా? నేనిప్పుడు మా ఆవిడ పక్షానికే మొగ్గుతున్నాను. చిత్రం చూసిన మిత్రులు తమ అభిప్రాయం తెలుపగలరు.