ఊరివాకిట పదునాలుగు దినములు

కంబదూరు అనంతపురము జిల్లాలోని కరవుసీమ. వానలు లేక వేరుసెనగ ఎండినయేట పలువురు బెంగుళూరికి కూలికి పోవుదురు. 2020 మార్చి 25న కరోనావలన దేశమంతట లాక్‌డౌన్ మొదలుకాగా పనులు నిలిచి, వలసపోయినవారు ఊళ్లకు మరలిరి. వారిని పదునాలుగు దినములు క్వారంటైనులో నుంచిరి. పూర్వము వెనిసు రేవువద్ద ఓడలను నలువది దినములు నిలిపియుంచినందున పుట్టిన మాట యిది.

అట్లు మరలివచ్చిన యువకుడొకడు ఊరిబడిలో నుండెను. తల్లి సంగటి తెచ్చి వాకిటనే యుంచి పోయెడిది. గుడులును మూతపడెను. ‘సొంత ఊరే నన్ను వెలివేసెనా? దేవుడేడి?’ అని అతడు కుమిలెను.

అంతలో భరతుడు తలపునకు వచ్చెను. రాముడు మరలివచ్చుదాక పదునాలుగేండ్లు భరతుడు అయోధ్య చొరక, నందిగ్రామముననే యుండి రాజ్యమును కాపాడెను. ఊరి మేలుకొరకు ఊరి వెలుపల నిలుచుటయు భక్తియే కదా! ఆనాటినుండి ఆ యువకుడు దినములు లెక్కించుట మానెను. ప్రతి ఉదయమును కిటికీనుండియే ఊరికి నమస్కరించెను.