బురఖాలో ఎన్ని నలుపులు

మా బొమ్మలు ఎప్పుడూ వేరేవాళ్లే వేశారు. సినిమా పోస్టర్లోనైనా, కథ పక్కన బొమ్మలోనైనా సాయిబంటే గళ్లలుంగీ, మెళ్లో తాయెత్తు, చేతిలో కత్తి. మా అమ్మీలకైతే అదీ లేదు. ఒక నల్లటి మరక, అంతే.

సిగ్గుపడాల్సిందేమిటంటే, కుంచె పట్టాక మేమూ అదే వేశాం. అబ్బా షాపుల బోర్డులు రాసేవాడు. అడుగున మిగిలిన రంగుడబ్బాలే మా అన్నదమ్ములకు బడి. అమ్మీ బొమ్మ వేద్దామని కూచుని, బురఖా మొత్తం ఒక్క పూతలో నల్లగా నింపేశాం. "ఇందులో నేనెక్కడున్నానర్రా?" అంది అమ్మీ. మా దగ్గర జవాబు లేదు.

జవాబు చాలా ఏళ్లకు అమెరికా నల్లవాళ్ల దగ్గర దొరికింది. వాళ్ల కవిత్వం ముందునుంచీ చదివేవాళ్లం. బొమ్మలు చూడాలన్న బుద్ధి ఆలస్యంగా పుట్టింది.

జాకబ్ లారెన్స్ 1941లో, దక్షిణాది వదిలి ఉత్తరాది నగరాలకు వలసపోయిన తన జనం కథను 60 చిన్న పలకల మీద పూర్తిచేశాడు. ఒక్కొక్క పలకా ముగించుకుంటూ పోలేదు. ఒక రంగు తీసుకుని అన్ని పలకల మీదా వేసి, తర్వాతే ఇంకో రంగు ముట్టుకున్నాడు. అందుకే ఆ 60 పలకలూ ఒకే మందిలా నడుస్తాయి.

కెర్రీ జేమ్స్ మార్షల్ 1980లో నల్లటి నేపథ్యం మీద నల్లటి మనిషిని వేశాడు. కళ్లూ పళ్లూ చొక్కా ముక్కా మాత్రమే తెలుపు. తర్వాత కూడా ఆయన నలుపును పలచన చెయ్యలేదు. ఎముకలు కాల్చిన నలుపు, మసి నలుపు, ఇనుము నలుపు వేరువేరుగా వాడాడు. వాటిలో నీలం, ఆకుపచ్చ, ఊదా కలిపాడు. నలుపంటే ఖాళీ కాదని, రంగని అప్పుడు తెలిసింది.

వాళ్ల నలుపు ఒళ్లు. మాది గుడ్డ. బానిసత్వపు గాయాన్ని మాదని చెప్పుకుంటే అది దొంగతనమే. మేం తీసుకున్నది చూసే పద్ధతిని.

మళ్లీ అమ్మీ ఎదురుగా కూచున్నాం. భుజాల మీద ఎండకు వెలిసిన గోధుమరంగు. మడతల్లో నీలం. కుట్టుమిషన్ దగ్గర కూచునీ కూచునీ మోకాళ్ల మీద అరిగిన మెరుపు. అంచున బజారు దుమ్ము. ఈసారి నాలుగు నలుపులు కలపాల్సొచ్చింది.

అమ్మీ చాలాసేపు చూసింది. "మోచేతి దగ్గర కుట్టుకున్న చిరుగు కూడా వేశారే" అంది. కొంచెం ఆగి, "ఔ, ఇది నేనే" అంది.