తలక్రిందులైనా తొట్రుపడని స్థైర్యం

నేలపై పాదాలు మోపి, శిరస్సును ఎత్తి నిలవడం మనిషికి సహజం. ఆ సహజస్థితిని కొద్దిసేపు తిరగవేయడమే విపరీతాసనాల ప్రత్యేకత. శీర్షాసనం, సర్వాంగాసనం, హలాసనం ఈ కోవకు చెందినవి. వీటిలో శీర్షాసనం ఆసనాలకు రాజుగా పేరొందింది. అయితే రాజదర్శనానికి తొందర పనికిరాదు.

పండిత జవహర్‌లాల్ నెహ్రూకు ఈ ఆసనం ప్రీతిపాత్రం. దీనివల్ల తనలో ఉల్లాసం పెరిగిందని, జీవితపు ఒడుదొడుకులను కొంత ఓర్చుకోగలిగానని 1936లో వెలువడిన ఆత్మకథలో ఆయన వ్రాసుకున్నారు. 1952లో భారతదేశానికి వచ్చిన వయోలిన్ విద్వాంసుడు యెహుది మెనూహిన్ ఆయన సమక్షంలోనే శీర్షాసనం వేసి చూపారు. ఆ పర్యటనలోనే మెనూహిన్‌కు బి.కె.ఎస్. అయ్యంగార్‌తో పరిచయం కలిగింది. కోలారు జిల్లా బెళ్లూరులో 1918లో జన్మించిన అయ్యంగార్ బాల్యమంతా వ్యాధులతో గడిచింది. అందుకేనేమో, బలహీనులు సైతం ఆసనాలు వేయగలిగేలా గోడ, కుర్చీ, దుప్పటి, త్రాడు వంటి వాటిని ఆయన ఆధారాలుగా చేసుకున్నారు. ఆధారం తీసుకోవడం చిన్నతనం కాదని ఆయన బోధన నిరూపించింది.

పదిహేనవ శతాబ్దానికి చెందిన 'హఠయోగ ప్రదీపిక' కూడా ఈ ఓర్పునే ఉపదేశించింది. విపరీతకరణిని మొదటి దినం క్షణకాలం మాత్రమే చేయాలని, తరువాత దినదినమూ కొంచెం కొంచెంగా పెంచాలని అందులో స్వాత్మారాముడు చెప్పాడు. కృష్ణా పశ్చిమ డెల్టాలోని పొన్నూరు రైతుకు ఈ మాట కొత్త కాదు. నారుమడిలో బలపడిన మొక్కనే పొలంలో నాటుతారు. లేతనారును తొందరపడి పీకితే పంట దక్కదు.

అభ్యాసానికీ అటువంటి నారుమడి ఉన్నది. గురువు సమక్షంలో, ఖాళీ కడుపుతో, నాలుగు మడతలు వేసిన దుప్పటిపై గోడ చెంత ప్రారంభించాలి. మోచేతులను భుజాల వెడల్పులోనే ఉంచి, వ్రేళ్లను పెనవేసి, నడినెత్తిని నేలకు ఆనించాలి. ముంజేతులతో నేలను గట్టిగా అదిమి, భుజాలను చెవులకు దూరంగా ఎత్తి ఉంచాలి. ఇక్కడే అసలు మర్మం ఉన్నది. భారమంతా తలపై వదిలితే సుకుమారమైన మెడ ఎముకలు నలుగుతాయి. కొన్ని వారాలపాటు పాదాలు నేలను విడువకుండా నడుమును మాత్రమే పైకెత్తి, భుజబలాన్ని పెంచుకోవాలి. ఆ తరువాతనే మోకాళ్లు ముడిచి, మెల్లగా కాళ్లు లేపాలి. కాళ్లను ఎగురవేయడం ప్రమాదకరం. దిగిన వెంటనే లేచి నిలబడక, నుదురు నేలకు ఆనించి కొంతసేపు విశ్రమించాలి.

అందరికీ ఇది తగినది కాదు. చెన్నైలోని శంకర నేత్రాలయ వైద్యులు 2006లో ప్రచురించిన పరిశోధన ప్రకారం శీర్షాసనంలో ఉన్నంతసేపు కంటిలోని ఒత్తిడి సుమారు రెట్టింపు అవుతుంది. కనుక నీటికాసులు, రక్తపోటు, గుండెజబ్బు, మెడనొప్పి ఉన్నవారు వైద్యుని అనుమతి లేనిదే దీని జోలికి పోరాదు. 2015 నుండి ఏటా జూన్ 21న జరిగే అంతర్జాతీయ యోగా దినోత్సవ సామాన్య అభ్యాసక్రమంలో శీర్షాసనం లేకపోవడం గమనార్హం.

జాగ్రత్తలన్నీ తెలిసినా భయం ఒక పట్టాన వదలదు. పొన్నూరు సహస్రలింగేశ్వరాలయంలో ఎత్తైన ఆంజనేయ విగ్రహం ఉన్నది. ఆ స్వామి కథలో ఈ భయానికి సమాధానం దొరుకుతుంది. జాంబవంతుడు గుర్తుచేసే వరకు హనుమంతునికి తన బలం తెలియలేదు. తెలిసిన తరువాత కూడా ఆయన ఒక్కసారిగా ఎగిరిపోలేదు. మహేంద్రగిరిపై పాదాలు అదిమి, శ్వాసను బంధించి, దూరాన్ని చూపుతో కొలిచి, ఆపైన లంఘించాడు. ధైర్యమంటే భయం లేకపోవడం కాదు, భయానికి తగిన సన్నాహం చేసుకోవడం. జాంబవంతుని వంటి గురువు ప్రక్కన ఉంటే ఆ సన్నాహం సులభమౌతుంది.

స్నేహితుల మెప్పు కోసమో, ఛాయాచిత్రం కోసమో తలక్రిందులయ్యే యువకుడు తన మెడను పందెం ఒడ్డుతున్నాడు. మెడలో నొప్పి, కళ్లలో బరువు, శ్వాసలో తడబాటు కనిపించిన క్షణమే దిగిరావడం ఓటమి కాదు, వివేకం. క్షేమంగా దిగడం నేర్చినవాడే పైకెత్తడానికి అర్హుడు. ఆ వివేకం అలవడితే లోకం తలక్రిందులుగా కనిపించిన వేళ కూడా మనస్సు నిటారుగా నిలుస్తుంది.