తోటలో ఇల్లు

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కరెంటు తీగా, కుళాయి గొట్టమూ లేకుండా కట్టి చూడమని వేరే చెప్పలేదు. వారి కాలంలో అన్ని ఇళ్ళూ అలాంటివే!

నూజివీడు దగ్గర మా రసాలతోటలో అటువంటి ఇల్లొకటి కట్టాలని నా కోరిక. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి లెక్కలెందుకని నవ్వకండి. 100 చదరపు మీటర్ల డాబా మీద 1 మిల్లీమీటరు వాన కురిస్తే 100 లీటర్లు. ఏడాదికి 900 మిల్లీమీటర్లు పడితే, వృథా పోగా 70,000 లీటర్లయినా దక్కుతాయి. అయితే వానలు నాలుగైదు నెలలే. కాయ దిగే మే నెల దాకా సరిపోవాలంటే, రోజుకు 200 లీటర్ల చొప్పున ఏడు నెలలకు 42,000 లీటర్ల తొట్టి కావాలి. 1 కిలోవాటు సౌరఫలకాలు మంచి ఎండలో రోజుకు సుమారు 4 యూనిట్లిస్తాయి. దీపాలకూ, పంకాలకూ చాలు. రాత్రికీ, మబ్బురోజులకూ బ్యాటరీలు. చుట్టూ ఎత్తైన గోడ, దానిమీద గాజుపెంకులు.

అంతా చదివి వినిపించాను. "బాగుందండీ" అంది మా ఆవిడ. మా అమ్మ మాత్రం, "అర్ధరాత్రి నాకు ఆయాసం వస్తే, ఆ గోడ దాటి నీ కేక ఎవరికి వినపడుతుందిరా?" అంది.

నీళ్ళు పట్టి దాచుకోవచ్చు, ఎండ పట్టి దాచుకోవచ్చు; ఇరుగుపొరుగును తొట్టిలో దాచుకోలేం. మామిడిపూతైనా ఈగలూ, పురుగులూ వచ్చి వాలితేనే కదా పిందె కట్టేది!

తొట్టీ, ఫలకాలూ ఉంటాయి. ఇల్లు మాత్రం తోట నడుమ కాదు. ఊరివైపు, కాపలావాళ్ళ పాక పక్కన. గోడకు బదులు ముళ్ళకంచె, అందులో పాకవైపు ఒక తడిక. దానికి తాళం పెట్టించడం లేదు.