సస్పెన్షన్ కోసం సస్పెన్స్!

సస్పెన్స్ అంటే ఏమిటో సినిమాలు చూసే మీకు నేను చెప్పాలా! తలుపు కిర్రుమంటుంది. దీపం ఆరిపోతుంది. నేలక్లాసు నుంచి బాల్కనీ దాకా అందరూ ఊపిరి బిగబడతారు. అయితే మోటారు సైకిలుకుండే సస్పెన్షన్ కూడా ఆ సస్పెన్స్‌కి స్వయానా చెల్లెలేనని మీలో ఎంతమందికి తెలుసు? రెండూ పుట్టింది ఒకే లాటిన్ మాట నుంచి. ఆ మాటకి అర్థం వేలాడదీయడం. సినిమాలో ప్రేక్షకుణ్ణి వేలాడదీస్తారు. ఆఫీసులో సస్పెండయిన ఉద్యోగిని వేలాడదీస్తారు. బండిలోనేమో మనిషినీ ఇంజనునీ స్ప్రింగుల ఆసరాతో చక్రాల మీద వేలాడదీస్తారు. 2023 వేసవిలో సరిగ్గా 8 వారాలపాటు ఈ అక్కచెల్లెళ్ళు కూడబలుక్కుని నన్ను వేలాడదీశారు. అదీ సంగతి!

తెర మీద బళ్ళు చూసేటప్పుడు మనం హీరోని చూస్తాం గానీ చక్రం పక్కనున్న స్ప్రింగుని ఎవరు చూస్తారు? 1973లో ‘బాబీ’ వచ్చాక రిషి కపూర్ నడిపిన రాజ్‌దూత్ జీటీఎస్ 175కి జనం బాబీ అనే పేరు పెట్టేసుకున్నారు. 1975 నాటి ‘షోలే’లో అమితాబ్, ధర్మేంద్ర ఊరేగిన సైడ్‌కారు బండి యుద్ధకాలం నాటి బీఎస్ఏ. ఆ బండికి వెనక చక్రం దగ్గర అసలు సస్పెన్షనే లేదు! ఉన్నవల్లా సీటు కింది స్ప్రింగులే. స్నేహం గట్టిది కాబట్టి సరిపోయింది గానీ, నడుములు మాత్రం ఏమయ్యాయో వాళ్ళకే తెలియాలి.

ఇక మా బండి సంగతి. మాది తెనాలి. ఇంట్లో 1984 నాటి యెజ్డీ రోడ్‌కింగ్ ఉంది. 250 సీసీ, టూ స్ట్రోక్, రెండు సైలెన్సర్లు. కిక్కు కొట్టిన రాడ్డునే ముందుకి తిప్పితే గేరు రాడ్డవుతుంది. మైసూరులో దాన్ని తయారుచేసిన ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. 2022లో యెజ్డీ పేరుతో కొత్త బళ్ళు వచ్చాయి గానీ, మా బండికీ వాటికీ చుట్టరికం పేరు వరకే.

బండి మా నాన్నది. ఆయన సినిమాహాల్లో ఆపరేటరు. 1975లో 18వ ఏట అసిస్టెంటుగా చేరి, డిజిటల్ వచ్చి రీళ్ళు పోయేదాకా ప్రొజెక్టరు పక్కనే బతికాడు. ఆ ఉద్యోగానికి తోడు ఇంకో పని కూడా ఉండేది. ఆ పని గురించి ఈ కాలపు కుర్రాళ్ళకి కాస్త వివరంగా చెప్పాలి.

బాక్సు వచ్చిందా?

ఇప్పుడు సినిమా ఒక డబ్బాలోంచి మీట నొక్కితే వస్తుంది. అప్పట్లో సినిమాకి బరువుండేది. వెయ్యి అడుగుల రీలు 2 కిలోల పైన తూగేది, 11 నిమిషాలు ఆడేది. రెండున్నర గంటల సినిమాకి 14 రీళ్ళ దాకా కావాలి. ప్రింటు ఖరీదు ఎక్కువ కాబట్టి ఒక్కోసారి ఒకే ప్రింటుని రెండు హాళ్ళలో ఆడించేవారు. ఇక్కడ ఆట మొదలైన ముప్పావుగంటకి అక్కడ మొదలు. ఇక్కడ అయిపోయిన రీళ్ళు అక్కడికి పరిగెత్తాలి. మా నాన్న ఆ రీళ్ళ బాక్సుల్ని యెజ్డీ వెనక తాడుతో కట్టుకుని 6 కిలోమీటర్ల గతుకుల రోడ్డు మీద రాత్రిపూట రెండో ఆటకి అటూ ఇటూ తిరిగేవాడు. అవతల ఊళ్ళో జనం అడిగే మొదటి ప్రశ్న “హీరో ఎవరు?” కాదు, “బాక్సు వచ్చిందా?”

ఆ గతుకులన్నీ లెక్కరాసుకున్నట్టుంది ఆయన నడుము. 2022 చివర్లో రెండు డిస్కులు దెబ్బతిన్నాయని తేలింది. బండి ఎక్కొద్దని డాక్టరు అనలేదు గానీ కుదుపులు పనికిరావన్నాడు. మా బండి మీద అదెక్కడ సాధ్యం? బజార్లో దొరికే రెడీమేడ్ షాకబ్జర్లు వేయిస్తే అవి ఇనప కడ్డీల్లా ఉన్నాయి. గుంట ఎంత లోతో నడుముకి అంతా తెలుస్తోంది.

దాంతో నాన్న ఇంట్లోనే ఉండిపోయాడు. రోజూ సాయంత్రం పాత హాలు ఎదుట టీ కొట్టు దగ్గర ఆయన ఈడువాళ్ళు నలుగురు చేరతారు. ఆ హాలు ఎప్పుడో కల్యాణ మండపం అయిపోయింది గానీ వీళ్ళ మీటింగు మాత్రం హౌస్‌ఫుల్లే. ఆ మీటింగుకి వెళ్ళక నెలలు గడిచాయి. “ఆటోలో వెళ్ళొచ్చుగా నాన్నా” అంటే, “ఆటో వెనక సీట్లో కూర్చుని చూడు, ఆ మాట మళ్ళీ అనవు” అన్నాడు. మెల్లగా మాటలు తగ్గాయి, తిండి తగ్గింది. టీవీలో సినిమా వస్తున్నా మధ్యలో లేచిపోవడం మొదలుపెట్టాడు. ఆపరేటరుగా పనిచేసిన మనిషి సినిమా మధ్యలో లేవడం నేనెన్నడూ చూడలేదు.

మనిషిని తూచి చేసే సామాను

అప్పుడు ఒక మెకానిక్ చెప్పాడు, కోయంబత్తూరులో ఒక చిన్న వర్క్‌షాపు ఉందనీ, మనిషి కొలతల్ని బట్టి షాకబ్జర్లు చేసి పంపుతారనీ. ఫోను చేశాను. అవతల పెద్దమనిషి తెలుగులోనే పలికాడు. ఆ వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి కదా! కాస్త అరవ యాసతో ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాడు. ఈ కన్ను నుంచి ఆ కన్నుకి పొడవెంత? బుష్ లోపలి వెడల్పెంత? రోడ్లెలాంటివి? మీ బరువెంత?

74 అన్నాను.

“వెనక కూర్చునేవారి బరువు?”

మా నాన్నని నేను 70 కిలోల మనిషిగానే ఎరుగుదును. అయినా కిరాణా కొట్టు కాటా మీద నిలబెట్టి చూశాం. 57. కొట్టాయన ఏమీ అనలేదు. నాన్న చెప్పులేసుకుంటూ, “చెప్పుల్తో అయితే 58 రాసుకోమను” అని నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇక ఆఖరి ప్రశ్న. “పది రోజుల్లో ఎన్ని రోజులు ఆయన వెనక కూర్చుంటారు?” ఇది కీలకమట. ఒక్కడికి చేసిన స్ప్రింగు ఇద్దరెక్కితే అడుక్కి కొట్టుకుంటుంది. ఇద్దరికి చేసింది ఒక్కడికి గట్టిగా తగుల్తుంది. నిజం చెప్పాలంటే ఆ నాటికి లెక్క సున్నా. నేను “పదికి పది” అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి, “అయితే ఇద్దరికే చేస్తాను. మీరొక్కరే వెళ్ళినప్పుడు కింది రింగుని తిప్పి కాస్త వదులు చేసుకోండి” అన్నాడు. 2023 ఏప్రిల్ 10న సగం డబ్బు పంపాను. 6 వారాల్లో ఇస్తానన్నాడు.

నాన్నకి సంగతి చెప్పగానే క్యాలెండరు చూశాడు. మే 31 కృష్ణగారి పుట్టినరోజు. ‘మోసగాళ్ళకు మోసగాడు’ మళ్ళీ థియేటర్లలోకి వస్తోందని అప్పటికే కబురు. కృష్ణగారి బుర్రిపాలెం మాకు కూతవేటు దూరం. ఆ సినిమా 1971లో వచ్చినప్పుడు నాన్నకి 14 ఏళ్ళు. “గుంటూరులో వేస్తే బండి మీద వెళ్దాం” అన్నాడు. నెలల తర్వాత ఆయన నోట రేపటి గురించి వచ్చిన మొదటి మాట అది.

బల్ల కింద బాంబు

హిచ్‌కాక్ చెప్పిన బాంబు సంగతి మీకు తెలిసే ఉంటుంది. బల్ల దగ్గర ఇద్దరు కూర్చుని మాట్లాడుకుంటుంటే హఠాత్తుగా బాంబు పేలితే ప్రేక్షకుడు కాసేపు ఉలిక్కిపడతాడు, అంతే. బల్ల కింద బాంబు ఉన్నట్టు ముందే చూపిస్తే అదే మాటలు వింటూ పావుగంట గిలగిల్లాడతాడు. తెలియకపోవడం కాదు, తెలియడమే సస్పెన్స్ అన్నమాట.

కోయంబత్తూరు పెద్దమనిషి మాకన్నీ తెలిసేట్టు చేశాడు! వారానికోసారి వాట్సాప్‌లో ఫొటో, కింద నాలుగు మాటలు. ఒక వారం తీగ. 7 మిల్లీమీటర్ల తీగ బదులు ఏడున్నర వాడితే స్ప్రింగు గట్టిదనం ఏకంగా 30 శాతం పైన పెరుగుతుందట. తీగ మందం కాస్త మారితే ఫలితం నాలుగింతల వేగంతో మారుతుందని ఆయన లెక్క. ఇంకో వారం తీగని చుట్టల్లా చుట్టి, కొలిమిలో పెట్టి, బిగువు తీసిన ఫొటో. మరో వారం లోపలి పిస్టను. స్ప్రింగు ఒక్కటే ఉంటే గుంట దాటాక కూడా బండి గెంతుతూనే ఉంటుందిట. పిస్టను సన్నటి దారుల్లోంచి ఆయిలు కష్టపడి దూరాలి. ఆ కష్టమే గెంతుని మింగేస్తుంది.

నాన్న కళ్ళజోడు తెచ్చుకుని ఒక్కో ఫొటో పెద్దది చేసి చూసేవాడు. “పనిమంతుడురా” అనేవాడు. ఫొటో రావాల్సిన రోజు పొద్దున్నే లేచి కూర్చునేవాడు. చిత్రమేమిటంటే, షాకబ్జర్లు రాకముందే మా ఇంట్లో కదలిక వచ్చింది.

మే 18న ఫొటో రాలేదు, ఫోనొచ్చింది. స్ప్రింగుని పూర్తిగా నొక్కి వదిలి, నొక్కి వదిలి చూస్తారట. ఎన్నిసార్లు నొక్కినా మొదటి ఎత్తుకే లేచి నిలబడాలి. మా జతలో ఒకటి 4 మిల్లీమీటర్లు కుంగిందిట. “ఇది పంపను. కొత్త జత చుడతాను. ఇంకో రెండు వారాలు పైనే పడుతుంది.”

నాకు ఒళ్ళు మండింది. మే 31 పోయినట్టే కదా! నాలుగు మాటలు అడిగెయ్యబోతుంటే నాన్న ఫోను తీసుకున్నాడు. “పంపకండి. మీరు బాగుందనుకున్నప్పుడే పంపండి” అని పెట్టేశాడు. తర్వాత నన్ను కూర్చోబెట్టి 1991లో ఒక వానరాత్రి కథ చెప్పాడు. నేనెప్పుడూ వినని కథ.

ఇంటర్వెల్ దాటాక వెయ్యాల్సిన రీళ్ళు బండి మీదున్నాయి. దారిలో పంక్చరు. చీకటి, వాన, చుట్టూ మనిషి లేడు. బాక్సులు తడవకుండా చొక్కా విప్పి కప్పి, బండి నెట్టుకుంటూ నడిచాడు. వెళ్ళేసరికి 40 నిమిషాలు లేటు. లోపల కుర్చీలు విరిగాయి. గేటు దగ్గర ఎవడో చెంప మీద కొట్టాడు. “వాళ్ళని అనడానికేముందిరా! లోపలున్నవాళ్ళకి తెల్ల తెర కనపడుతుంది గానీ నా పంక్చరు కనపడదు కదా. ఈయన చూడు, పంక్చరు పడ్డ సంగతి తనే ఫోన్ చేసి చెప్పాడు. ఇంకేం కావాలి?”

ఎదురుచూడ్డమంటే అంతకుముందు నాకు తెలిసింది హాలు లోపలి కూర్చీ ఒక్కటే. దానికి రోడ్డు మీద ఇంకో కొస ఉంటుందనీ, ఆ కొసని ఎవరో ఒకరు వానలో నెట్టుకొస్తుంటారనీ, అలా నెట్టుకొచ్చినవాడు మా ఇంట్లోనే ఉన్నాడనీ ఆ పూట తెలిసింది.

మే 31 వచ్చింది, వెళ్ళింది. మేం గుంటూరు వెళ్ళలేదు. ఆ సాయంత్రం నాన్న మంచం మీద కూర్చుని సినిమా మొత్తం చెప్పాడు. రీలు మారే చోట ఆగి మరీ చెప్పాడు. అమ్మ ఇంటర్వెల్లో టీ ఇచ్చింది.

జూన్ 5న బాక్సు వచ్చింది. విప్పే హక్కు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. నాన్న ముందు చీటీ చూశాడు, తర్వాత సీలు చూశాడు, తర్వాత లోపలి సామాను లెక్కపెట్టాడు. రీళ్ళ బాక్సు అందుకున్నప్పటి అలవాటు! లోపల నల్లటి జత, పక్కన చేత్తో రాసిన కాగితం. అందులో తీగ మందం, చుట్టల లెక్క, వాటి కింద ‘74 + 57’ అని. ఇద్దరూ ఎక్కి కూర్చుంటే వెనక భాగం 30 మిల్లీమీటర్లు దిగాలి అని చివరి మాట.

మెకానిక్ షెడ్డులో గంట పని. నేను ఎక్కాను, నాన్న మెల్లగా నా భుజం పట్టుకుని వెనక ఎక్కాడు. మెకానిక్ స్కేలు పెట్టి చూసి “29” అన్నాడు. “ఆ ఒక్కటీ చెప్పులు విప్పినందుకు” అన్నాడు నాన్న.

టీ కొట్టు వైపు బయల్దేరాం. మొదట వేళ్ళతో నా చొక్కా గట్టిగా పట్టుకున్నాడు. ఏ గుంట ఎక్కడుందో ఆయనకి కంఠతా వచ్చు. రైలు గేటు దగ్గరి పెద్ద గుంట రాబోతుంటే నడుం బిగబట్టడం నాకు తెలుస్తూనే ఉంది. బండి ఒక్కసారి కిందికి వంగి, పైకి లేచి, అక్కడితో ఊరుకుంది. కాసేపు వెనకనుంచి మాట లేదు. తర్వాత చొక్కా మీది పట్టు వదులైంది. భుజం మీద చిన్నగా తట్టాడు.

“ఇంకాస్త స్పీడుగా పోనీరా, అవతల రీలు అయిపోతుంది!”