లేపాక్షి కప్పు మీది చీరలు

హిందూపురం నుంచి లేపాక్షికి సుమారు పదిహేను కిలోమీటర్లు. ఊళ్లోకి రాగానే అందరూ నంది దగ్గర ఆగిపోయారు. నేను నేరుగా వీరభద్రస్వామి గుడికి నడిచాను. వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి లాగుతున్న జనాన్ని దాటుకుని, నాట్యమండపంలో తల పైకెత్తాను. కప్పు మీద బొమ్మల్లోని పురాణ కథలు చాలామందికి తెలిసినవే. ఆ కథల్లో మనుషులు ఏం కట్టుకున్నారో చూద్దామని వచ్చాను.

అచ్యుతదేవరాయలు విజయనగరాన్ని ఏలిన కాలం (1529–1542) నాటి చిత్రాలివి. గుడి కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కూడా పొడుగాటి కుళ్లాయిలతో ఆ కప్పు మీదే నిలబడి ఉన్నారు. పార్వతీ కల్యాణం, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం పట్టీలు పట్టీలుగా సాగుతాయి. వరసగా నిల్చున్న ఆడవాళ్లను ఒక్కొక్కరినే చూడండి. ఒకామె చీర నిలువు చారలు, పక్కామెది గళ్లు, ఆ పక్కామెది పువ్వుల బుటాలు. అంచులూ వేరువేరే. రంగులు మాత్రం కొన్నే: మట్టి ఎరుపు, పసుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. ఇంత తక్కువ రంగులతో ఇన్ని చీరలు గీసిన ఆ చిత్రకారులకు బట్ట మీద ఎంత ప్రేమో! ఇంకో సంగతి గమనించాను. చాలాచోట్ల చీర మడత పడినా బుటా వంగదు, బల్ల మీద పరిచినట్టు నిండుగా కనిపిస్తుంది. డిజైనర్లకు ఈ కప్పు బొమ్మలు ఇంతగా అక్కరకు రావడానికి అదో కారణం.

బయట లతామండపంలో, స్తంభాల దగ్గర ఒక అమ్మాయి నోటుపుస్తకంలో గీసుకుంటోంది. బెంగళూరులో డిజైన్ చదువుతోందట. ఆ స్తంభాల మీది తీగలూ పక్షులూ ఈ ప్రాంతపు చీరల అంచుల్లోకి ఏనాడో వెళ్లాయి. ‘లేపాక్షి బార్డర్’ అంటే బట్టల కొట్లో విడమరిచి చెప్పక్కర్లేదు. “ఫొటో తీసుకుంటే సరిపోదా తల్లీ?” అన్నాను. “గీస్తేనే గదండీ, తీగ ఎక్కడ మళ్లీ మొదలవుతోందో తెలిసేది” అంది. ఆ మాట నాకు బాగా నచ్చింది.

ఎందుకంటే బొమ్మను బట్ట మీద అతికించినంత మాత్రాన అది డిజైన్ కాదు. 1965లో పారిస్‌లో డిజైనర్ ఈవ్ సాన్ లొరాన్, చిత్రకారుడు మోండ్రియాన్ బొమ్మలు చూసి గౌన్లు చేశాడు. నల్లటి గీతలు, వాటి మధ్య ఎరుపు, నీలం, పసుపు, తెలుపు గళ్లు. అతను వాటిని అచ్చు వేయించలేదు. ఉన్ని జెర్సీ ముక్కలను రంగుకొకటి కత్తిరించి కలిపి కుట్టించాడు. ఒంటి వంపులకు కావలసిన సర్దుబాటంతా ఆ కుట్లలోనే దాచాడు. అందుకే ఒంటి మీద కూడా గీత గీతలాగే నిలిచింది. చీర సంగతి ఇంకా కష్టం. కుచ్చిళ్లలో సగం బొమ్మ మునిగిపోతుంది, పైటా అంచూ మాత్రమే నలుగురికీ కనిపిస్తాయి. లేపాక్షిలో చూసిన హంసను ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడంలోనే డిజైనర్ పనితనం తెలుస్తుంది.

ఆ హంస పట్టులోకి ఎలా దిగుతుందో చూద్దామని మర్నాడు ధర్మవరం వెళ్లాను. ఒక నేతగాడి ఇంట్లో గుంట మగ్గం, పైన జాకార్డు, దానికి వేలాడుతూ చిల్లుల అట్టల దండ. ముందు బొమ్మను గ్రాఫు కాగితం మీద గళ్లలోకి దించుతారు. ఆ గళ్లను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఏ పోగు లేవాలో, ఏది ఆగాలో ఆ చిల్లులే చెబుతాయి.

“గుండ్రంగా తిరిగే తీగ గ్రాఫులోకొస్తే మెట్లు మెట్లు అయితాది సార్. గళ్లు చిన్నవి చేస్తే నునుపు వస్తాది, అట్టలు పెరుగుతాయి” అన్నాడు పెద్దాయన.

చీర తిరగేసి చూపించాడు. హంస ఒళ్లంతా జరీతో నింపితే పోగు పొడుగ్గా తేలి గాజులకు తగులుకుంటుందట. అందుకని మధ్యమధ్య చిన్న చుక్కలతో జరీని బట్టకు కట్టేశాడు. చూసేవాళ్లకు అవి ఈకలనిపిస్తాయి. లేపాక్షి హంసకు లేని ఆ ఈకలు మగ్గం మీదే పుట్టాయి.

డిజైన్ చేసిన కళాకారుల గురించి రాసేటప్పుడు, మగ్గం మీద పుట్టే ఇలాంటి పనితనం గురించి పెద్దగా రాయరు. దాదాపు అయిదు వందల ఏళ్ల కింద లేపాక్షి కప్పు మీద గీసిన చిత్రకారుడు తన చుట్టూ ఉన్నవాళ్లు కట్టుకున్న బట్టలు చూసి ఉంటాడు. ఆ బట్టలు ఎవరో నేశారు, ఎవరో అద్దారు. అంటే కప్పు మీది డిజైన్‌కు మొదటి హక్కుదారు నేతపనివాడే. ఇవాళ అదే అంచు పాలిస్టర్ మీద అచ్చయి చవగ్గా అమ్ముడవుతుంటే అతను మగ్గం ఆపుకోవాల్సి రావడం అన్యాయం. కొన్ని రకాల చీరలను చేనేతకే కేటాయించేందుకు 1985లో తెచ్చిన చట్టం ఉంది. దాన్ని గట్టిగా అమలు చేయాలి.

డిజైనర్లకు నాదొక విన్నపం. చీర లేబుల్ మీద లేపాక్షి పేరు వేస్తున్నారు, సంతోషం. దాని పక్కనే ఆ చీర నేసినవాళ్ల పేరు కూడా వేయండి.